గాలి వేసిన తలుపు

హొగ్ని చేపల ఓడెక్కితే వసంతానికి గానీ రాడు.
ఇంట్లో నేనూ, కొత్త కోడలు లువాల్‌హాటీ,
మధ్యలో రెండు సముద్రాల ఉప్పు.
ఆమె భాష నాకు రాదు. నా భాషలో ఆమెకి
గొర్రె, వాన, వద్దు వచ్చు.
మా దీవిలో బతకడానికి ఆ మూడూ చాలు,
భోజనాల బల్ల దగ్గర చాలవు.

అక్టోబరులో కోసిన గొర్రెని
పలకల సందుల్లోంచి గాలి పారే కొట్టులో వేలాడదీస్తాం.
ఉప్పు వేయం. పొగ పెట్టం.
మిగతా వంటంతా సముద్రపు గాలిదే.
క్రిస్మస్ నాటికి మాంసం మీద బూజు లేస్తుంది,
వాసన వీధి మలుపు దాకా ఎదురొస్తుంది.
పైనుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు,
మేం గుమ్మంలో బూట్లు దులుపుకుంటుంటేనే నోరూరుతుంది.

ఆ రోజు ఉడకబెట్టి ఒక ముక్క ఆమె పళ్ళెంలో పెట్టాను.
నోట్లో వేసుకుంది.
దవడ ఆగిపోయింది.
చూపు కిటికీ దాకా వెళ్ళి చాలాసేపు తిరిగి రాలేదు.
ఉమ్మేసినా ఏమీ అనకూడదనుకున్నాను.
నేనూ ఒకప్పుడు పక్క దీవి కోడలినే,
పుట్టింటి గొర్రె వేరు, అత్తింటి గొర్రె వేరు.
మింగింది.
లేచి నా నూలు బుట్టలో చెయ్యి పెట్టి
తెల్లవీ నీలివీ పక్కకి తోసి
అడుగునున్న ఉతకని బూడిద రంగు ఉన్ని,
ఇంకా గొర్రె జిడ్డు వదలనిది, గడ్డిపోచలు అంటుకున్నది,
తెచ్చి నా అరచేతిలో నలిపింది.
ఔనన్నాను.
అంతే కాదన్నట్టు తల ఊపి
వీధి తలుపు బార్లా తెరిచి వదిలేసింది.
గాలి దాన్ని విసిరి కొట్టింది.
అల్మారాలో కప్పులు గలగలలాడాయి.
అప్పుడు వేలితో తన నాలుక చూపించింది: ఇది.

అరవై ఎనిమిదేళ్ళుగా తింటున్నాను ఆ మాంసాన్ని.
బావుందన్నాను, ఈ ఏడు బాగా పట్టిందన్నాను,
మా ఆయనైతే ఊరికే గొణిగేవాడు.
అది తలుపని ఎవరూ చెప్పలేదు నాకు.

ఫిబ్రవరిలో ఇలోయిలో నుంచి పార్సిల్ వచ్చింది.
గుడ్డపేలికలు చుట్టిన సీసా, లోపల ఊదారంగు బురద.
రొయ్యపిల్లల్ని ఉప్పులో మగ్గబెట్టారట,
వేళ్ళతో ఈదించి చూపించింది.
మూత తీయగానే పిల్లి పరుగెత్తుకొచ్చి
గుమ్మంలో ఆగి ఆలోచించింది.
ఇప్పుడు నా వంతు. చెంచా చివర ఇంత.

ఎక్కడని వెతకను?
అల్లిక సూది మొనతో ఆమె బొటనవేలు నొక్కాను.
అది ఉప్పు, సరే. దాని వెనక ఇంకోటుంది,
అడుగునుంచి వచ్చేది, ఆగనిది.
కోటు తొడిగించి రేవుకి లాక్కెళ్ళాను.
యెగ్వాన్ ముసలాడి పడవ ఇంజను తిరుగుతోంది.
దాని చెక్క మూత మీద ఆమె చెయ్యి ఆనించి
వణుకు మోచేతికి, భుజానికి, పళ్ళకి పాకేదాకా
వదల్లేదు.
నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ తన భాషలో ఏదో అంది.
యెగ్వాన్ టోపీ సర్దుకుని
పడవేమన్నా కొంటారా అనడిగాడు.

తర్వాత అదే అలవాటైంది.
రూబార్బ్ కాడ కొరికి ఆమె పళ్ళెం మీద గోరు గీసింది.
ఎండు మామిడి చప్పరించి నేను కిటికీ తెర సర్రున లాగాను.
తిమింగిలం కొవ్వుకి మాత్రం
నా చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకుని ఊరుకుంది.
అదేమిటో నాకింకా తెలియదు.

ఏప్రిల్లో హొగ్ని వచ్చాడు, రెండు భాషలూ వచ్చినవాడు.
ఆ మాంసం మీద ఈ ఊదారంగు రాసి వాడి ముందు పెట్టి
ఇద్దరం వాడి నోటివైపే చూస్తూ కూర్చున్నాం.
నమిలాడు. మింగాడు.
ఉప్పెక్కువైంది, అన్నాడు.

లువాల్‌హాటీ లేచింది.
నేనప్పటికే తలుపు దగ్గరున్నాను.